సందుగలోని తూర్పు హైదరాబాదు

మా ఇంట్లో మొత్తం 1,143 ఫోటోలున్నాయి. ఫోన్లలో ఉన్నవి కాదు, చేత్తో పట్టుకోగలిగినవి. 2020 అక్టోబర్‌కి ముందు ఈ లెక్క ఎవరికీ తెలీదు. ఎవరూ లెక్కపెట్టలేదు, లెక్కపెట్టే అవసరమూ రాలేదు. నాయనమ్మ సందుగలో కొన్ని, బీరువా కింది అరలో ఆల్బమ్‌లు, మిగతావన్నీ ఒక నీలం రంగు బిస్కెట్ డబ్బాలో ఉండేవి. ప్రతి తెలుగింట్లోనూ అలాంటి డబ్బా ఒకటుంటుంది. అందులో సూదీదారమైనా ఉంటుంది, ఫోటోలైనా ఉంటాయి, బిస్కెట్లు మాత్రం ఉండవు.

దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్య, చైతన్యపురి వెనక ఒక కాలనీలో మా ఇల్లు. 2020 అక్టోబర్ 13న హైదరాబాదు తూర్పు శివార్లలో కొన్నిచోట్ల ఒక్కరోజులోనే 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. సరూర్‌నగర్ చెరువు పొంగింది. కోదండరాం నగర్, కమలానగర్ లాంటి కాలనీల్లో నీళ్లు నిలిచాయని టీవీలో మీరూ చూసే ఉంటారు. మా ఇంట్లోకి మంచం ఎత్తున వచ్చి, రెండు రోజులుండి పోయాయి. ఫ్రిజ్, పరుపులు, బియ్యం పోతే మళ్లీ కొనుక్కున్నాం. బీరువా కింది అరలోవి కొనుక్కునేవి కావు. సందుగ మాత్రం సజ్జ మీద ఉంది కాబట్టి దానికి చుక్క తగల్లేదు.

తడిసిన వాటిని కాపాడబోయి పొడివాటిని కూడా దించాను. ఆ పని ఇంకా పూర్తి కాలేదు.

హైదరాబాదులో ఫోటో చరిత్ర అంటే అందరూ రాజా దీన్‌దయాళ్ దగ్గర మొదలుపెడతారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో, పరదాలో ఉండే స్త్రీల కోసం హైదరాబాదులో విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని నడపడానికి ఒక ఇంగ్లీషు మహిళను పెట్టాడు. ఆయన గాజు నెగెటివ్‌లు రెండువేలకు పైగా ఇవాళ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. వేటకెళ్లిన నవాబులు, చచ్చిన పులులు, రాజభవనాలు, విందు బల్లలు, బంతాట ఆడే దొరలు.

దీన్‌దయాళ్ పోయింది 1905లో. అప్పటికి మా ముత్తాతలు నల్లగొండ జిల్లాలో వేరేవాళ్ల పొలాల్లో పనిచేస్తున్నారు. వాళ్ల ముఖాలు ఎలా ఉండేవో చెప్పే కాగితం ముక్క ఒక్కటీ లేదు. తర్వాత సాయుధ పోరాటం రోజుల్లో సునీల్ జానా లాంటి ఫోటోగ్రాఫర్లు తెలంగాణ పల్లెల ముఖాలని ప్రపంచానికి చూపించారు. నిజమే. కానీ ఆ ఫోటోల్లో ఉన్నవాళ్ల ఇళ్లకి ఆ ప్రింట్లు ఎన్ని చేరాయి? మన ఫోటో ఎవరో తీయడం వేరు, మన ఫోటో మన దగ్గర ఉండటం వేరు. 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్లు ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చినప్పుడు పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ల దగ్గరకెళ్లి వాళ్ల నోటనే వాళ్ల కథ చెప్పించారు. కాగితాల్లో లేనివాళ్లని మాటల్లోంచి పట్టుకోవాలి. నాయనమ్మ ముందు ఫోటోలు పరుచుకుని, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి కూర్చున్న ప్రతిసారీ నాకు ఆ పుస్తకమే గుర్తొచ్చేది.

తెలుగులో మనం ఫోటో ‘దిగుతాం’. బావిలోకి, బండి మీంచి, బరిలోకి దిగినట్టు. ఎక్కడో పైన ఉన్నవాళ్లం కాసేపు కిందికొచ్చి నిలబడినట్టు. మా నాయనమ్మ తరంలో చాలామందికి ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయం. అందుకేనేమో 1993లో ఓటరు గుర్తింపు కార్డులు మొదలయ్యేదాకా మా ఊళ్లో చాలామంది ముసలివాళ్లకి ఒక్క ఫోటో కూడా లేదు. గోడ మీద దండ వేసుకుని ఉన్న పటాల్ని కొన్నిళ్లలో జాగ్రత్తగా చూడండి. మనిషి పోయాక ఏ గ్రూపు ఫోటోలోంచో, ఏ కార్డు మీంచో తల ఒక్కటీ పెద్దది చేసి, మెడ కింద స్టూడియోవాళ్లు చొక్కానో చీరనో గీసినవి అవి. చాలామందికి పెద్ద ఫోటో అంటే చనిపోయాక వచ్చేదే.

మా దగ్గరున్నవాటిలో అన్నింటికంటే పాతది 1953 నాటిది. తాత చదువుకునే రోజుల్లో నల్లగొండలో స్టూడియోలో దిగింది. వెనక తెర మీద మెట్లు, పూలకుండీ, ఎక్కడా లేని ఒక సరస్సు. అంచులు కత్తెర పళ్లలా వంకీలు తిరిగి ఉంటాయి. అలాంటి అంచు కనిపిస్తే యాభైలు, అరవైల నాటిదని దాదాపుగా అనుకోవచ్చు. పేపరు ప్లాస్టిక్ పూతతో నున్నగా, వెనక కంపెనీ పేరు ఏటవాలుగా అచ్చయి ఉంటే డెబ్బైల తర్వాతది. కుడివైపు కింద నారింజ రంగు అంకెల్లో తేదీ ఉంటే తొంభైలు. (ఆ తేదీని నమ్మొద్దు. కెమెరాలో బ్యాటరీ మార్చినప్పుడు తేదీ సరిచేసే ఓపిక మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. మా చెల్లి పుట్టకముందే దాని మూడో పుట్టినరోజు జరిగినట్టు సాక్ష్యం ఉంది.)

తాత ఫోటో వెనక రెండు వరసలు ఉర్దూలో రాసి ఉన్నాయి. హైదరాబాదు సంస్థానంలో బడి చదువు ఉర్దూలోనే కదా. తాత ఇంట్లో మాట్లాడింది తెలుగు, లెక్క రాసుకుంది ఉర్దూలో. మా నాన్నకి ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నాకు రెండూ రావు. ఒక్క ఇంట్లో రెండు తరాల్లో ఒక లిపి మాయమైపోయింది. మా వీధిలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు చదివిపెడితే, ఆ రెండు వరసల్లో ఊరు, తేదీ, ఫోటోకి ఇచ్చిన పైసలు ఉన్నాయి. భావోద్వేగం ఏదో ఉంటుందని ఆశపడ్డ నాకు కాస్త నిరాశే. కానీ మిగతా 1,142 ఫోటోల్లో దేనికీ ఇంత స్పష్టమైన వివరం లేదు!

తాత గుమస్తా ఉద్యోగంతో 1962లో నగరానికొచ్చాడు. మలక్‌పేటలో అద్దెకున్నాడు. 1974లో దిల్‌సుఖ్‌నగర్ దాటాక 200 గజాల జాగా కొన్నాడు. ‘ఊరవతల కొన్నడు, పిచ్చోడు’ అన్నారట చుట్టాలు.

నగరం ఇటువైపు పెరిగిన తీరుకి ఇళ్లలోని ఆల్బమ్‌ల కంటే మంచి ఆధారం నాకైతే కనిపించలేదు. పాతబస్తీకి పుస్తకాలున్నాయి, సికింద్రాబాదుకీ ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బస్సులు, మెట్రో పిల్లర్లు, అంతే అనుకుంటారు. ఇక్కడి పేర్లలోనే చాలా చరిత్ర ఉంది. మూసారాంబాగ్‌లో ఉన్న ‘మూసారాం’ నిజాం సైన్యంలో పనిచేసిన ఫ్రెంచి సేనాని మాన్స్యూర్ రేమండ్. 1798లో చనిపోయాడు, సమాధి దగ్గర్లోనే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. దిల్‌సుఖ్‌నగర్ పేరు దిల్‌సుఖ్‌రాం ప్రసాద్ అనే భూస్వామి నుంచి వచ్చిందంటారు. ఎల్బీ అంటే లాల్ బహదూర్ శాస్త్రి. ఇక్కడి మెట్రో స్టేషన్‌కి విక్టోరియా రాణి పేరు ఎందుకుందని అడిగేవాళ్లకి, ఆరో నిజాం ఆమె జ్ఞాపకార్థం కట్టించిన అనాథాశ్రమం పక్కనే ఉందని చెప్పాలి. ఫ్రెంచి సేనాని, భూస్వామి, బ్రిటిష్ రాణి, ప్రధానమంత్రి. అందరూ ఒకే మెట్రో లైను మీద ఉన్నారు. విజయవాడ రోడ్డు మీదుగా, సాగర్ రోడ్డు మీదుగా మూటలతో వచ్చి ఈ జాగాల్ని కాలనీలు చేసిన నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జనం పేర్లు మాత్రం వాళ్ల వాళ్ల ఆల్బమ్‌లలో ఉన్నాయి. అవి కూడా చాలావరకు రాసి లేవు.

ఈ ప్రాంతంలో ప్రతి కుటుంబానికీ ‘జాగా ఫోటో’ ఒకటుంటుంది. ఖాళీ నేల, నాలుగు మూలలా హద్దురాళ్లు, మధ్యలో ఇంటాయన, పక్కన కొంగు తల మీదికి లాక్కున్న ఇంటావిడ. మా దాంట్లో తాత ఒక కాలు హద్దురాయి మీద పెట్టి నిలబడ్డాడు. దీన్‌దయాళ్ ఫోటోల్లో నవాబు పులి మీద కాలు పెట్టినట్టు. తర్వాత భూమిపూజ, స్లాబు రోజు, గృహప్రవేశం. వాటన్నిట్లో మావాళ్ల మొహాలు నాకు తెలిసినవే. నేను చూసింది వెనకున్నవాటిని. 1974లో వెనకాల జొన్నచేను. 1979లో మోటబావి గట్టు, దూరంగా ఒక్క కరెంటు స్తంభం. 1988లో పక్కింటి పిట్టగోడ. 1996లో ఆకాశం సగమే. 2009లో అసలు ఆకాశం లేదు. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు 2007లో మహానగరపాలికలో కలిసిపోయాయి. అంతకుముందు ఇక్కడ నేల ఎలా ఉండేదో, వాన నీళ్లు ఎటు పోయేవో తెలుసుకోవాలంటే సర్వే పటాలు చూడాలి, లేదంటే ఇలాంటి గృహప్రవేశం ఫోటోలు చూడాలి. రెండోది తేలిక.

ఇక తడిసినవాటి సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్తాను. ఎందుకంటే మూసీ పరివాహకంలో ఉండేవాళ్లకి మళ్లీ అవసరం పడుతుంది. 1908లో పడింది, 2000లో పడింది, 2020లో పడింది.

పాత ఫోటో అంటే కాగితం మీద జెలటిన్ పొర. జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే ఆ జిగురు పదార్థంలోనే బొమ్మ ఉంటుంది. నీళ్లు తగలగానే అది ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు వేలితో తుడిస్తే ముఖం వేలికొచ్చేస్తుంది. అలాగని తడిసిన ఆల్బమ్‌ని ఎండలో పెడితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని రాయిలా అయిపోతుంది. చాలామంది చేసేది అదే. చేయాల్సింది తిరకాసుగా ఉంటుంది. నీళ్లలో తడిసినదాన్ని మళ్లీ నీళ్లలోనే పెట్టాలి. శుభ్రమైన చల్లటి నీళ్లలో. మురికినీళ్లలోని సూక్ష్మజీవులు జెలటిన్‌ని తింటాయి కాబట్టి రెండు రోజుల్లోపే చేయాలి. ముఖం మీద చెయ్యి పెట్టకుండా అంచులు పట్టుకుని జాడించి, నీడలో ఆరేయాలి. మరీ ఎక్కువుంటే మధ్య మధ్య బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో పడేయొచ్చు. గడ్డకట్టినవి ఆగుతాయి, తీరిగ్గా కొన్ని కొన్ని తీసి చూసుకోవచ్చు.

మాకు మూడు రోజులు కరెంటు లేదు. కొత్తపేటలో మూడో అంతస్తులో ఉండే పెద్దమ్మ తన ఫ్రీజర్‌లోంచి ఇడ్లీపిండి, మటన్ తీసేసి నాలుగు కట్టలకి చోటిచ్చింది. మిగతావి నేనూ చెల్లీ వాళ్ల స్నానాలగదిలో టబ్బుల్లో నానబెట్టి, బాల్కనీలో లోదుస్తుల తీగకి బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. మా నాన్న పెళ్లి, నా అన్నప్రాశన, చిన్నాయన హాట్‌షాట్ కెమెరాతో తీసిన తిరుపతి గుండ్లు, అన్నీ గాలికి ఊగుతుంటే కింద రోడ్డు మీద జనం ఆగి చూశారు. 2011 సునామీ తర్వాత జపాన్‌లో యమమొతో అనే ఊళ్లో వాలంటీర్లు బురదలోంచి ఏడున్నర లక్షల ఫోటోలు ఏరి, కడిగి, సొంతదారులకి చేర్చే పని పెట్టుకున్నారు. వాళ్లు చేసినది చిన్న రూపంలో మా పెద్దమ్మ బాల్కనీలో జరిగింది.

వింతేమిటంటే, నలుపుతెలుపు ఫోటోలు దాదాపు అన్నీ దక్కాయి. పోయినవన్నీ ఎనభైలు, తొంభైల రంగులవే. వాటికి వరద ఒక్కటే శత్రువు కాదు. అప్పట్లో ఎంతో ఇష్టంగా కొన్న ఆల్బమ్‌లు గుర్తున్నాయా? పేజీ మీద జిగురు గీతలు, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం. ఆ జిగురే ఫోటోని లోపలి నుంచి తింటుంది. పైగా పాత రంగుల కాగితంలో నీలిఛాయ రంగు చీకట్లో ఉన్నా మెల్లిగా వెలిసిపోతుంది, అందుకే మన చిన్నప్పటి ఫోటోల్లో అందరూ ఎర్రమట్టి పూసుకున్నట్టు కనిపిస్తారు. మొత్తం 61 ఫోటోలు పోయాయి. 1,143 అన్నది అవి పోగా మిగిలిన లెక్క. పోయినవాటి జాబితా కూడా రాసిపెట్టాను. నాన్నకి గుర్తున్నంత వరకు ఏ ఫోటోలో ఎవరున్నారో, ఎక్కడ దిగారో.

దక్కినవాటిని సర్దడం దగ్గర ఇంట్లో గొడవొచ్చింది. తేదీల వారీగా పెడదామని చెల్లి. మనుషుల వారీగా, ఎవరి వాటా వాళ్లకి పంచేద్దామని చిన్నాయన. నేను రెండూ వద్దన్నాను. ఆర్కైవుల్లో పనిచేసేవాళ్లకి ఒక పాత నియమం ఉంది. కాగితాలు ఎవరి దగ్గరి నుంచి వచ్చాయో, వాళ్లు పెట్టుకున్న వరసని చెడగొట్టొద్దు. ఆ వరస కూడా ఒక సమాచారమే. అది పెద్ద పెద్ద దఫ్తర్లకే ఎందుకు, మా నాయనమ్మ సందుగకి వర్తించదా?

సందుగ నాయనమ్మది. ఆమెకి చదవడం రాదు, కాబట్టి తేదీల గొడవ లేదు. ఆమె వరస వేరు. పైన పిల్లలవి. వాటి కింద పుట్టింటివాళ్లు. కింద అత్తింటివాళ్లు. పట్టుచీర మడతల్లో తాత. అన్నింటికంటే అడుగున, వార్తాపత్రిక కింద, మాటలు లేని చుట్టాలు. ఎవరితోనైనా రాజీ అయితే వాళ్లు పైకొచ్చేవారట. ఒకదాన్ని తీసి పక్కన పెట్టబోతే, ‘గది గాడనే ఉండనియ్యి బిడ్డా’ అంది. ఎవరని అడిగితే, ‘యాదికొస్తలేదు’ అంది. నాయనమ్మకి అప్పటికే పేర్లు జారిపోతున్నాయి. కానీ ఏది ఎక్కడుండాలో చేతికి తెలుసు.

ఆ ఫోటో మా ఇంటి గృహప్రవేశానిది, 1984. ఆరుగురున్నారు. కుడివైపు అంచు కత్తెరతో కోసేసి ఉంది. కోసిన చోట, నాయనమ్మ భుజం మీద ఒక చెయ్యి మాత్రం మిగిలింది. నాలుగు గాజులు.

ఆ చెయ్యి మా చిన్న మేనత్తది. 1985లో కులం కానివాణ్ని పెళ్లి చేసుకుంది. ఎక్కడికో పారిపోలేదు, ఎల్బీనగర్‌లోనే కాపురం పెట్టింది. మా ఇంటి నుంచి ఇప్పుడు మెట్రోలో రెండు స్టేషన్లు. ఆ రెండు స్టేషన్ల దూరం దాటడానికి మావాళ్లకి ముప్పై ఏళ్లకు పైనే పట్టింది. తాత పోయినప్పుడు వచ్చింది, గేటు దగ్గర నిలబడి వెళ్లిపోయింది. ఇప్పుడు పండగలకి వస్తుంది. ఫోటో మాట ఎవరూ ఎత్తరు. కత్తెర పట్టుకుంది తాత అని నాయనమ్మ అంటుంది. అమ్మే కోసిందని అత్త అంటుంది. రెండూ నా రికార్డింగుల్లో ఉన్నాయి. ఏది నిజమో తేల్చడం నా పని కాదని రెండూ అలాగే ఉంచాను.

అత్త దగ్గర మొత్తం ఫోటో ఉంది. పెళ్లికి ముందే స్టూడియోలో ఇంకో ప్రింటు వేయించుకుందట. చూపించమని అడగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆమె లోపలికెళ్లి, బీరువాలోంచి, రుమాల్లో చుట్టి ఉన్నది తెచ్చి ఇచ్చింది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్ల. రెండు జడలు. నాయనమ్మ భుజం మీద చెయ్యేసి, ఫోటోగ్రాఫర్ చెప్పిన దానికేమో పళ్లు కనిపించేలా నవ్వుతోంది. ఆమె వెనక, తుంగ గడ్డి మధ్య, నీళ్లు. ఒక గేదె మెడదాకా మునిగి ఉంది.

మా వీధి చివర కుంట ఉండేదని చిన్నప్పుడు విన్నాను కానీ, అది ఎక్కడుండేదో మా దగ్గరున్న ఒక్క ఫోటోలోనూ లేదు. కోసేసిన ముక్కలో ఉంది. ఆ కుంట ఉన్నచోట ఇప్పుడు మూడు అపార్ట్‌మెంట్లు, ఒక ఫంక్షన్ హాలు. 2020లో మా వీధిలోకి నీళ్లు మొదట వచ్చింది ఆ మూల నుంచే.

‘స్కాన్ చేసుకో బిడ్డా,’ అంది అత్త. ‘గని గ్రూపుల పెట్టొద్దు. కోసినోళ్లే ఇప్పుడు లవ్వు గుర్తులు పెడ్తరా?’

మా వాట్సాప్ గ్రూపులో 46 మంది ఉన్నారు. అందులో పెడితే ఫోటో చిక్కిపోతుంది కూడా. అది పంపేటప్పుడు బొమ్మని కుదిస్తుంది, ఫైలులో ఉన్న తేదీ లాంటి వివరాలు తీసేస్తుంది. కాబట్టి అత్త షరతు లేకపోయినా గ్రూపు సరైన చోటు కాదు. కానీ షరతు వల్ల నా పద్ధతే మారింది. అప్పటిదాకా నా పట్టికలో నంబరు, తేదీ, చోటు, మనుషులు, చెప్పినవారు అని ఐదు గడులే ఉండేవి. ఆరోది కలిపాను. ‘ఎవరు చూడొచ్చు.’ అనూషా యాదవ్ 2010లో మొదలుపెట్టిన ఇండియన్ మెమరీ ప్రాజెక్టులో దేశం నలుమూలల ఇంటి ఫోటోలు, వాటి కథలు అందరూ చూసేలా పెడతారు. చాలా గొప్ప పని. అయితే అక్కడికి వచ్చేవి ఇచ్చేవాళ్లు ఇష్టపడి ఇచ్చినవి. ఇంట్లో ఉన్నవన్నీ అలాంటివి కావు.

మిగతా పనులు త్వరగా చెప్పేస్తాను. ప్రతి ఫోటోనీ 600 డీపీఐలో స్కాన్ చేసి టిఫ్ ఫైలుగా దాచాను. చిన్నవైతే ఇంకా ఎక్కువలో. మూడు ప్రతులు: ఒకటి నా దగ్గర హార్డ్ డిస్కులో, ఒకటి చెల్లి దగ్గర బెంగుళూరులో, ఒకటి క్లౌడ్‌లో. పేర్లన్నీ తెలుగులోనే రాశాను, ‘చిన్నాయన’ని ఇంగ్లీషులోకి మారిస్తే ఎవరో ఒక అంకుల్ అయిపోతాడు. వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్, బాల్‌పెన్ను వద్దు. ప్లాస్టిక్ పూత పేపరు మీద పెన్సిల్ పడదు, వాటిని కవర్లో పెట్టి కవరు మీద రాశాను. నాఫ్తలీన్ ఉండలు తీసేసి సిలికా జెల్ పొట్లాలు పెట్టాను. దయచేసి ఫోటోల్ని లామినేషన్ చేయించకండి. మా పెద్దమ్మ పెళ్లి ఫోటో తొంభైల్లో అలా చేయించారు, ఇప్పుడు లోపల గోధుమరంగు బుడగలొచ్చాయి, విప్పడానికి లేదు.

పేర్లు తెలియని ముఖాలు ఇంకా 214 ఉన్నాయి. వాటికి ‘తెలియదు’ అని కాకుండా కనిపించింది రాస్తున్నాను. ‘గళ్ల చొక్కా, ఎడమచేతికి గడియారం, తాత పక్కన, బహుశా ఆఫీసు స్నేహితుడు.’ నాయనమ్మ మంచి రోజుల్లో ఒకటో రెండో చెప్తుంది. నిరుడు దసరాకి ఒకే రోజు ఏడు చెప్పింది.

అత్త ఫోటోకి వివరం ఆమే చెప్పింది, నేను రాసుకున్నాను. కోసిన ప్రింటు నంబరు 412-క. ఆమెది 412-ఖ. ‘మా ఇంటి గృహప్రవేశం. ఎండ బాగుంది. నేను కట్టుకుంది అమ్మ చీర. నా వెనక కుంట. ఆ గేదె మాది కాదు.’ ఎవరు చూడొచ్చన్న గడిలో ఆమె నా పేరు, చెల్లి పేరు చెప్పింది. కాసేపాగి, ‘అమ్మ అడిగితే చూపియ్యి’ అంది.